బాడ్లియనా, హంటింగ్టనా?

పాత ఇంగ్లీషు నాటకాల మీద పనిచేసేవాళ్లు లైబ్రరీ ఫెలోషిప్ (పాత ప్రతులు అక్కడే కూర్చుని చూసేందుకిచ్చే సొమ్ము) అనగానే ముందు ఆక్స్‌ఫర్డ్ వైపే చూస్తారు. పేరు అలాంటిది మరి. సీవీలో ఆ ఒక్క లైను పడితే చాలనుకునేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ అక్కడ కూర్చుని ఏ కాగితం చూడాలో ముందే తేల్చుకోకపోతే, నెల రోజులూ ఊరు చూడటానికే సరిపోతాయి.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ బాడ్లియన్ లైబ్రరీ విజిటింగ్ ఫెలోషిప్పులు ఇస్తుంది. తమాషా ఏమిటంటే, దాన్ని నిలబెట్టిన సర్ థామస్ బాడ్లీకి నాటకాలంటే గిట్టేది కాదు. అవన్నీ చెత్త, లోపలికి రానివ్వద్దన్నాడు. ఆయన పోయిన పదేళ్లకు, 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ ఫస్ట్ ఫోలియో, అంటే ఆయన నాటకాల మొదటి పెద్ద సంపుటం, అక్కడికి చేరింది. మూడో ఫోలియో, అంటే మూడో ముద్రణ, వచ్చాక పాతదెందుకని వదిలించుకున్నారు. 1905లో ఒక విద్యార్థి ఇంటి నుంచి ఓ పాత పుస్తకం తెచ్చి చూపిస్తే, అది లైబ్రరీ వదిలించుకున్న ప్రతేనని తేలింది. అమెరికా నుంచి పుస్తకాలు సేకరించే హెన్రీ ఫోల్గర్ 3,000 పౌండ్లు ఇస్తానన్నాడు. లైబ్రరీ చందాలెత్తి, 1906లో ఎలాగో దక్కించుకుంది. అందులో రోమియో జూలియట్ పుటలు పాఠకుల చేతులు ఆని ఆని అరిగిపోయాయి.

ఇంత కథ ఉన్నా, ఆ పుస్తకం కోసం వీసా అక్కర్లేదు. మొత్తం స్కాన్ చేసి ఉచితంగా పెట్టేశారు. వెళ్లాల్సింది 1821లో అక్కడికి చేరిన షేక్‌స్పియర్ పండితుడు ఎడ్మండ్ మలోన్ సేకరణ కోసం, అందులోని పాత క్వార్టోల (ఒక్కో నాటకం విడిగా అచ్చయిన చిన్న పుస్తకాల) కోసం. ఫోలియో ప్రతుల్ని పక్కపక్కన పెట్టి అచ్చు తేడాలు పట్టే పనైతే అసలు ఆక్స్‌ఫర్డే కాదు, వాషింగ్టన్ వెళ్లాలి. ఆ హెన్రీ ఫోల్గర్ పేరిటి లైబ్రరీలో ఫస్ట్ ఫోలియో ప్రతులే 82 ఉన్నాయి.

ఇక హంటింగ్టన్. లాస్ ఏంజిలిస్ పక్కన శాన్ మరీనోలో ఉంది. యూనివర్సిటీ కాదు, ఫెలోషిప్పులిచ్చే స్వతంత్ర లైబ్రరీ. 1737 చట్టం ప్రకారం ఇంగ్లండులో కొత్త నాటకం ఆడాలంటే ముందు రాతప్రతిని ప్రభుత్వ పరీక్షకుడికి పంపాల్సి వచ్చేది. 1778 నుంచి 1824 దాకా ఆ పనిచేసిన జాన్ లార్పెంట్ దగ్గరే ఆ ప్రతులన్నీ ఉండిపోయాయి. చేతులు మారి మారి, 1917లో హెన్రీ హంటింగ్టన్ టోకున కొన్న ఒక లైబ్రరీతో పాటు కాలిఫోర్నియా చేరాయి. దాదాపు రెండున్నర వేలు.

వాటిలో షెరిడన్ ‘ది రైవల్స్’ ఉంది. 1775 జనవరి 17న లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్‌లో ఆడితే జనం ఏకిపారేశారు. షెరిడన్ ఆపేసి, కోసి, తిరగరాసి 28న మళ్లీ ఆడించాడు. ఈసారి హిట్టు. లార్పెంట్ ప్రతుల్లో ఉన్నది ఆ దెబ్బతిన్న మొదటి రాత్రి పాఠం. మనకు ఆసక్తి ఎక్కడంటే, కందుకూరి వీరేశలింగం పంతులు ‘కల్యాణకల్పవల్లి’కి మూలం ఈ నాటకమే. పంతులుగారి చేతికొచ్చింది సవరించిన పాఠమే, ఎందుకంటే మొదటి రాత్రి పాఠం 1935 దాకా అచ్చు కాలేదు. ఆ సేకరణలో ఇప్పటికీ అచ్చు మొహం చూడని నాటకాలు బోలెడు. వాటి స్కాన్లు ఉన్నాయి గానీ చందా కట్టే డేటాబేస్‌లో. మన కాలేజీలు ఎన్ని కడతాయి?

అందుకే 18వ శతాబ్దం మీద పనిచేసేవాళ్లకు నా ఓటు హంటింగ్టన్‌కే. ఇబ్బందులు లేవని కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో అన్నీ నడిచి వెళ్లే దూరం, ఇక్కడ కారు లేకపోతే బస్సుల టెన్షన్. అమెరికా జే వీసా (ఎక్స్‌చేంజ్ వీసా) మీద వెళ్లేవాళ్లకు ఫెలోషిప్ సొమ్ములో మామూలుగా 14 శాతం పన్ను ముందే కోసేస్తారు. అద్దె లెక్క వేసేటప్పుడు ఇది మర్చిపోకండి. ఆక్స్‌ఫర్డ్‌లో తంటా వేరే: లైబ్రరీలో నిప్పు పెట్టనని పైకి చదివి ప్రమాణం చేయాలి. పాత ప్రతులు చూసే గదుల్లో మాత్రం రెండు చోట్లా పెన్ను బయటే, లోపల పెన్సిలే.

అప్లికేషన్‌లో ‘షేక్‌స్పియర్ మీద పరిశోధన’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఫలానా కేటలాగు నంబరు ప్రతిలో ఫలానా కొట్టివేతలు చూడాలి అని రాయండి. రెండు లైబ్రరీల కేటలాగులూ ఇంట్లో కూర్చునే వెతుక్కోవచ్చు.