చెరువుకు ఏ సున్నం మేలు?

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల, చేపల చెరువుల మందుల షాపులో "సున్నం బస్తాలు కావాలి" అని అడిగితే, "ఏ సున్నమండీ?" అని ఎదురు ప్రశ్న రావాలి. రాలేదంటే ఆ షాపు మానేయడమే మంచిది.

మూలం సున్నపురాయే. మెత్తగా పొడి కొడితే అగ్రిలైమ్. పిడుగురాళ్ల బట్టీల్లోలా 900 డిగ్రీల దగ్గర కాలిస్తే 100 కిలోల రాయి 56 కిలోల కాల్చిన సున్నమవుతుంది, మిగతాది కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. దానికి నీళ్లు కొడితే నీరు చల్లిన సున్నం. ఆమ్లం విరిచే బలంలో అగ్రిలైమ్ 100 అనుకుంటే నీరు చల్లింది 135, కాల్చింది 179.

పట్టుబడి (రొయ్యలు, చేపలు పట్టేయడం) అయ్యాక ఎండగట్టిన చెరువుకు కాల్చిన సున్నమే వేయాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. అడుగు చెమ్మగా ఉండగా చల్లితే పీహెచ్ 12 దాకా ఎగబాకి బురదలోని రోగక్రిములు చస్తాయి. నెర్రెలిచ్చేదాకా ఆగి చల్లితే డబ్బు దండగ, తడి లేనిదే అది పనిచేయదు. నీళ్లు పెట్టాక పీహెచ్ దిగిందని చూసుకునే పిల్ల వేయాలి.

రొయ్య తిరుగుతున్న చెరువులో ఆ బలమే ముప్పు. మేత వేసే చెరువులో అమ్మోనియా ఎంతోకొంత ఉంటుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 ఉంటే అందులో విషమయ్యే వంతు నూటికి 10 లోపే, 9కి చేరితే 40 దాటుతుంది. మధ్యాహ్నం అసలే పీహెచ్ పెరిగి ఉంటుంది, అప్పుడు ఘాటు సున్నం కొట్టడం ఏం తెలివి? అగ్రిలైమ్‌తో ఆ భయం లేదు, ఎంత వేసినా అది తనంతట పీహెచ్‌ని 8.3 దాటించదు.

అలాగని వారం వారం బస్తాలు గుమ్మరించడమూ తప్పే. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని విరిచే నీటి గుణం) లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లలో అగ్రిలైమ్ దాదాపు కరగదు, అడుక్కి చేరి పడుంటుంది. ముందు నీళ్లు టెస్టు చేయించండి. మెగ్నీషియం తక్కువని తేలితే డోలమైట్ (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి పొడి) వాడొచ్చు, కాకపోతే కరగడం ఇంకా నిదానం.

బస్తా మీద రాసింది నమ్మబుద్ధి కాకపోతే చెంచాడు పొడి మీద నిమ్మకాయ పిండండి. బుసబుసా పొంగితే అగ్రిలైమ్, పొంగీ పొంగనట్టుంటే డోలమైట్. పొంగకుండా, నీళ్లు పోయగానే గ్లాసు చుర్రుమందంటే అది కాల్చిన సున్నం.