కారం మిల్లులో 22 మి.మీ. పుష్‌బటన్లు: ఏళ్ల తరబడి వాడాక

గుంటూరులో ఒక కారం మిల్లులో మోటర్లను నడిపే కరెంటు ప్యానెళ్లు చూసుకోవడం నా పని. మా దగ్గర బటన్లు కాలిపోవడం అరుదు. సన్నటి కారం దుమ్ము దూరి, నొక్కిన బటన్ పైకి లేవకపోవడమే ఎక్కువ. డబ్బా మీద ఐపీ65 (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి పోవని చెప్పే రేటింగు) అని ఉంటే సరిపోదు. బటన్ రబ్బరు వాషర్ ప్యానెల్ రేకుకు బయటివైపు, మడత పడకుండా కూర్చుంటేనే ఆ రేటింగు. బటన్ కోసం రేకులో చేసే రంధ్రం 22.5 మి.మీ. ఉండాలి, అంచు ఆకురాయితో నున్నగా తీయాలి. గరుకు అంచు వాషర్‌ను కోసేస్తుంది.

బటన్ హెడ్లలో (బయటికి కనబడే, నొక్కే భాగం) ప్లాస్టిక్‌వి, మెటల్‌వి రెండూ వాడాను. పల్వరైజర్ (పొడి కొట్టే యంత్రం) దగ్గర మెటల్‌వే నిలిచాయి. అక్కడ అదురు ఎక్కువ, పైగా మావాళ్లు బటన్ నొక్కరు, గుద్దుతారు. ఆఫీసు పక్కనున్న ప్యానెల్‌కు ప్లాస్టిక్‌వి చాలు. బటన్‌కు రబ్బరు టోపీ మాత్రం తప్పనిసరి. దాని ఖర్చు దగ్గర బేరం ఆడొద్దు.

అసలు భయం ఎమర్జెన్సీ స్టాప్‌తో. ఎర్ర పుట్టగొడుగు బటన్ ముందు తలుపుకు ఉంటుంది, బటన్ నొక్కితే సర్క్యూట్‌ను కలిపే లేదా తెంచే కాంటాక్ట్ బ్లాక్ వెనక క్లిప్పు మీద ఉంటుంది. అదురుకు ఆ క్లిప్పు వదిలిందనుకోండి, బ్లాక్ వైర్లకు వేలాడుతుంది. ఎన్‌సీ కాంటాక్ట్ (నొక్కితేనే తెరుచుకునేది) మూసుకునే ఉంటుంది కాబట్టి మిల్లు మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. ఆపదలో నొక్కితే ఏమీ జరగదు. మా ప్యానెల్లో తలుపు తీసి చూసినప్పుడు ఒక బ్లాక్ అలాగే వేలాడుతూ కనబడింది. చూడగానే ఒళ్లు జలదరించింది. బ్లాక్ హెడ్ నుంచి ఊడితే సర్క్యూట్ తనంతట తానే తెగిపోయే రకం దొరుకుతుంది. ధర ఎక్కువే, అయినా ఎమర్జెన్సీకి అదే పెట్టించండి. ఏది పెట్టినా, నెలకోసారి మోటర్ తిరుగుతుండగానే నొక్కి చూడాలి.

సెలెక్టర్ స్విచ్ మీద నాకో ఫిర్యాదు ఉంది. ఖర్చు కలిసొస్తుందని కొందరు స్టార్ట్, స్టాప్ తీసేసి, రెండు పొజిషన్ల సెలెక్టర్‌తోనే (తిప్పిన చోటే ఉండిపోయే స్విచ్) కాంటాక్టర్‌ను, అంటే మోటర్‌కు కరెంటు కలిపే స్విచ్‌ను, నడిపిస్తారు. కరెంటు పోయి వస్తే స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, మోటర్ దానంతట అదే లేస్తుంది. ఆ సమయానికి ఎవరైనా హాపర్లో (సరుకు పోసే తొట్టి) చెయ్యి పెట్టి ఉంటే? స్టార్ట్‌కు ఎన్‌వో (నొక్కితేనే మూసుకునే) పుష్‌బటన్, దానికి కాంటాక్టర్ హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ వదిలాక కూడా కాంటాక్టర్‌ను పట్టి ఉంచేది), స్టాప్‌కు ఎన్‌సీ పెడితే కరెంటు వచ్చాక మళ్లీ స్టార్ట్ నొక్కాల్సిందే. స్టాప్ వైరు ఎక్కడ తెగినా మోటర్ ఆగుతుంది కూడా. సెలెక్టర్‌ను ఆటో, మాన్యువల్ ఎంచుకోడానికి ఉంచండి.

వైరింగులో ఎక్కువ చెప్పేదేం లేదు. మల్టీస్ట్రాండ్ (సన్నటి పోగులుండే) వైరు కొసకు ఫెర్రూల్ (లోహపు తొడుగు) వేయండి, స్క్రూ కేటలాగులో చెప్పిన టార్కుకే బిగించండి, తలుపుకు విడిగా ఎర్త్ వైరు ఇవ్వండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: స్టాప్ నొక్కితే ఆగేది మోటరే, టెర్మినళ్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మెయిన్ దించి తాళం వేసి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

విజయవాడలో సామాను కొనేటప్పుడు విడి కాంటాక్ట్ బ్లాకులు కూడా అదే కంపెనీవి తెచ్చుకుంటాను. ఒకరి హెడ్‌కు ఇంకొకరి బ్లాక్ ఎక్కినట్టే ఉంటుంది గానీ, క్లిప్పు గట్టిగా పట్టదు.