రోజూ మాత్రలా, నెలకో ఇంజెక్షనా? స్కిజోఫ్రీనియాలో ఏది మేలు

సైకియాట్రీ ఓపీలో ఇంజెక్షన్ గది ముందు తల్లులు అడిగే మాట దాదాపు ఒకటే. “సిస్టర్, రోజూ మాత్ర మింగించలేకపోతున్నాం. నెలకో సూది వేస్తే చాలంట కదా, అదే వేసేయండి.” నర్సుగా రెండు దారుల్లోనూ మనుషులు కోలుకోవడం చూశాను, రెండింటిలోనూ జారిపోవడం చూశాను. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒకసారి కోలుకుని, మందు మానేసి, జబ్బు తిరగబెట్టిన వాళ్లకు ఇంజెక్షనే మేలు. అయితే ఆ మనిషి తనంతట తాను ఒప్పుకోవాలి. నలుగురు పట్టుకుంటే పడే సూది కంటే ఇష్టపడి మింగే మాత్ర నయం.

మాత్ర ఎందుకు ఆగిపోతుందో ముందు అర్థం చేసుకోవాలి. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అంటారు. కానీ స్కిజోఫ్రీనియాలో ఎవరూ లేకున్నా చెవిలో వినిపించే మాటలు, ఎవరో వెంటపడుతున్నారన్న నమ్మకం ఆ మనిషికి పూర్తిగా నిజం. తనకు జబ్బుందన్న ఎరుక పోవడం ఈ జబ్బులో భాగమే. జబ్బే లేదనుకునే మనిషి మందెందుకు వేసుకుంటారు? ఇంకొందరు బాగైపోయాం కదా అని మానేస్తారు. మరికొందరిని మందే ఇబ్బంది పెడుతుంది: ఒళ్లు పెరగడం, పగలంతా మత్తు, మగవాళ్లకు దాంపత్యంలో సమస్య, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోవడం. ఇవి సిగ్గుతో ఎవరికీ చెప్పరు. మాత్ర మాత్రం కిటికీలోంచి బయటికి పోతుంది. మొదటిసారి జబ్బు వచ్చి తగ్గినవాళ్లను ఐదేళ్లు గమనించి 1999లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, మందు మానేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం వేసుకుంటున్నవాళ్ల కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువని తేలింది.

అయినా మాత్రల పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది. జబ్బు కొత్తగా బయటపడినప్పుడు ఎవరికి ఏ మందు పడుతుందో ముందే తెలియదు. తక్కువ డోస్‌తో రిస్పెరిడోన్ మొదలుపెట్టి, చూసి, పెంచి, పడకపోతే ఒలాంజపిన్‌కో అరిపిప్రజోల్‌కో మార్చే వీలు మాత్రల్లోనే ఉంది. మెడ వంకరపోయినా, కనుగుడ్లు పైకి తిరిగిపోయినా, కాలు నిలవక గదంతా తిరుగుతున్నా డాక్టరుకు చెప్పి రేపటి డోస్ ఆపించవచ్చు. ఇంజెక్షన్ అలా కాదు, ఒంట్లోకి వెళ్లింది వెనక్కి రాదు. అందుకే ఏ మందుతో డిపో, అంటే వారాల తరబడి పనిచేసే ఈ ఇంజెక్షన్, వెయ్యాలనుకుంటున్నారో ముందు అదే మందును మాత్రలుగా ఇచ్చి, పడుతుందని తెలుసుకుంటారు.

క్లోజపిన్ సంగతి వేరే చెప్పాలి. రెండు రకాల మందులు సరిగ్గా వాడినా లొంగని జబ్బుకు ఇచ్చే మందు అది. నెలకోసారి వేసే ఇంజెక్షన్‌గా అది దొరకదు. రోజూ మింగాల్సిందే. మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల పరీక్ష చేయించాలి. మలబద్ధకాన్ని చిన్న విషయంగా వదిలెయ్యకూడదు, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. 48 గంటలు దాటి మందు తప్పితే పాత డోస్ ఒక్కసారిగా వేసెయ్యకూడదు, డాక్టరు చూసి 12.5 మిల్లీగ్రాముల నుంచి మళ్లీ ఎక్కించాలి. క్లోజపిన్ వాడే ఇంట్లో మాత్ర చేతికిచ్చే అమ్మో, అక్కో నిజంగా నర్సు పని చేస్తున్నారు. ఆ శ్రమకు ఎక్కడా లెక్క లేదు, అది నాకు బాధ.

ఇక ఇంజెక్షన్. వార్డుల్లో డిపో అనేది దీన్నే. ఇది ఇవాళ వచ్చింది కాదు, 1960ల నుంచి ఉంది. మన దగ్గర పాతకాలం నుంచి వాడుతున్నవి ఫ్లూఫెనజిన్ డెకనోయేట్, హాలోపెరిడాల్ డెకనోయేట్. వీటిలో మందు నువ్వుల నూనెలో కలిసి ఉంటుంది. కండలోకి ఎక్కించాక కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. ఫ్లూఫెనజిన్ 2 నుంచి 4 వారాలకోసారి, హాలోపెరిడాల్ 4 వారాలకోసారి. కొత్త రకాల్లో పాలిపెరిడోన్ ఉంది. మొదటి రోజు 150, ఎనిమిదో రోజు 100 మిల్లీగ్రాములు భుజానికి వేస్తారు, ఆ తర్వాత నెలకొకటి. కనీసం నాలుగు నెలలు నిలకడగా ఉంటే 3 నెలలకోసారి వేసే రకానికి మారవచ్చు. పాతవి చవక. కొత్తవి బయట కొంటే ఒక్కో డోస్ వేలల్లో ఉంటుంది, కూలి చేసుకునే ఇంటికి అది ప్రతి నెలా మోయలేని ఖర్చు. వణుకు, బిగుసుకుపోవడం పాతవాటిలో ఎక్కువన్నది నిజమే. అయినా మూడో నెలకే డబ్బు చాలక ఆగిపోయే ఖరీదైన మందు కంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది పొడుగునా దొరికే పాత మందే మేలని నేను నిర్మొహమాటంగా చెప్తాను.

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. మొదటి నూనె ఇంజెక్షన్ పడగానే మాత్రలు ఆపేస్తారు. రక్తంలో ఆ మందు నిలకడకు రావడానికి 2, 3 నెలలు పడుతుంది. అప్పటిదాకా డాక్టరు చెప్పిన మాత్రలు నడవాలి. ఈలోగా జబ్బు పెరిగితే “ఇంజెక్షన్ కూడా పనిచెయ్యలేదు” అన్న మాట పుడుతుంది, ఆ మాట ఊరంతా తిరుగుతుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి? చీటీ తీసినట్టు మనుషులను రెండు గుంపులుగా విడదీసి చేసిన పాత పరీక్షల్లో మాత్రకూ ఇంజెక్షన్‌కూ పెద్ద తేడా కనిపించలేదు. మామూలు జీవితంలో ఉన్నవాళ్లను చూస్తే మాత్రం తేడా స్పష్టం. స్వీడన్‌లో దాదాపు 30 వేల మంది స్కిజోఫ్రీనియా రోగుల వివరాలు చూసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అదే మందు మాత్రగా కాక ఇంజెక్షన్‌గా తీసుకున్నవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరే అవకాశం 20 నుంచి 30 శాతం తక్కువగా ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రావు. పరీక్షకు సంతకం పెట్టి, పిలిచినప్పుడల్లా వచ్చే మనిషి మాత్ర కూడా సరిగ్గానే వేసుకుంటారు. ఇంజెక్షన్ అవసరమయ్యే మనిషి ఆ పరీక్షలకు అసలు రారు.

నా దృష్టిలో ఇంజెక్షన్ వల్ల వచ్చే పెద్ద లాభం ఇంకొకటి. ఇంట్లో రోజూ జరిగే యుద్ధం ఆగుతుంది. “మింగావా? నోరు తెరువు. నాలుక ఎత్తు.” పాతికేళ్ల కొడుకును తల్లి రోజుకు రెండుసార్లు ఇలా అడుగుతుంటే ఆ ఇంట్లో ఇంకే మాటకూ చోటుండదు. ఆ తనిఖీ పోయాక మళ్లీ కూర గురించి, క్రికెట్ గురించి మాట్లాడుకుంటారు. ఇంకో లాభం, మందు తప్పితే ఆ రోజే తెలుస్తుంది. మాత్రల్లో అయితే జబ్బు ముదిరేదాకా తెలియదు. మింగని మాత్ర పనిచెయ్యడం లేదనుకుని డోస్ పెంచిన కేసులు మేమంతా చూసినవే.

కానీ సూది పొడిచి పంపడమే నర్సు పని అయితే ఈ లాభాల్లో సగం పోతాయి. నూనె ఇంజెక్షన్‌కు పొడి సిరంజి కావాలి. పిరుదు మీద చర్మాన్ని పక్కకు లాగి పట్టుకుని, నెమ్మదిగా ఎక్కించి, పది సెకన్లు ఆగి సూది తీశాకే చర్మం వదలాలి. వేసిన చోట రుద్దకూడదు. ఈసారి కుడివైపయితే వచ్చేసారి ఎడమవైపు. ఇదంతా చేతికి అలవాటయ్యే పని. అలవాటు కాకూడనిది మనిషిని చూడటం. నడకలో చేతులు ఊగుతున్నాయా, నోరూ నాలుకా వాటంతటవే ఆడుతున్నాయా, బరువెంత, నడుం కొలతెంత, షుగర్ ఎప్పుడు చూశారు, నిద్ర ఎలా ఉంది, మాటలు వినిపించడం తగ్గిందా, చనిపోవాలని అనిపిస్తోందా. ఇవన్నీ ప్రతిసారీ అడగాలి. పరదా వెయ్యాలి. వెనక ఇరవై మంది చూస్తుండగా బట్ట దించమంటే ఆ మనిషి వచ్చే నెల రారు, రాకపోవడం వాళ్ల తప్పూ కాదు. ఇంటికి వెళ్లాక జ్వరం ఎక్కువై, ఒళ్లు కట్టెలా బిగుసుకుని, చెమటలు పట్టి, మాట తడబడితే అది మామూలు జ్వరం కాదు. మాత్రలవాళ్లకైనా ఇంజెక్షన్‌వాళ్లకైనా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మూడో దారి గురించీ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా నడిచేది అదే: పప్పులో, కాఫీలో తెలియకుండా మందు కలపడం. చేసేవాళ్లను నేను తిట్టను. అర్ధరాత్రి కత్తి పట్టుకుని కూర్చున్న తమ్ముడిని చూసిన అక్క ఏం చేస్తుంది? కానీ ఒక్కసారి ఆ మనిషి వైపు నుంచి చూడండి. “నా అన్నంలో ఏదో కలుపుతున్నారు” అన్నదే చాలామందిలో జబ్బు. మనం నిజంగానే కలిపితే, పట్టుబడిన రోజు ఆ అనుమానం రుజువైపోతుంది. ఆ తర్వాత తిండి మానేస్తారు, మన చేతి మంచినీళ్లు కూడా ముట్టరు. డోస్ ఎంత లోపలికి పోయిందో తెలియదు. రిస్పెరిడోన్ ద్రావణాన్ని టీలోనూ కోలాలోనూ కలపకూడదని కంపెనీ కాగితంలోనే ఉంటుంది, అది చదివేదెవరు? మూడింటిలో నేను ఆఖరున పెట్టేది దీన్నే.

పెళ్లి విషయం విడిగా చెప్పాలి. అమ్మాయి జబ్బు దాచి పెళ్లి చేస్తారు. మాత్రలు పెట్టె అడుగున, చీరల కింద. అత్తగారు చూస్తారని మొదట ఒక పూట, తర్వాత మొత్తం మానేస్తుంది. కొన్ని నెలలకు జబ్బు తిరగబెడుతుంది. ఇంజెక్షన్ అయితే పుట్టింటికి వచ్చినప్పుడు వేయించుకుని వెళ్లవచ్చని పెద్దవాళ్లు అనుకుంటారు. దాచడానికి ఇంజెక్షన్ వీలుగా ఉంటుందన్నది నిజమే, కానీ ఆ కారణంతో ఎంచుకోవద్దు. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్‌తో నెలసరి తప్పవచ్చు. గర్భం అనుకుంటే మందు మార్చాల్సి రావచ్చు. ఇవి భర్తకు తెలియకుండా జరిగే పనులు కావు.

ఒప్పుకోలు అన్నాను కదా, అది మంచితనం కోసం మాత్రమే కాదు, చట్టం కూడా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, బాగున్న రోజుల్లోనే మనిషి తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున నిలబడే మనిషినీ పేరు పెట్టి చెప్పుకోవచ్చు. “మళ్లీ మందు మానేస్తే నాకు డిపో వెయ్యండి, హాలోపెరిడాల్ మాత్రం వద్దు, దానితో మెడ తిరిగిపోయింది” అని రాసుకునే హక్కు అది. అత్యవసర చికిత్సకు ఈ రాత వర్తించదు. మన దగ్గర దీన్ని వాడుకునేవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. కోలుకున్న నెలల్లో ఈ సంభాషణ మొదలుపెట్టాల్సింది నర్సులమే, ఎందుకంటే వాళ్లు నెలనెలా కూర్చునేది మా ఎదురుగానే.

కొత్తగా జబ్బు బయటపడి, ఇంట్లో నమ్మకం ఉండి, మాత్ర వేసుకుంటున్న మనిషిని అలాగే కొనసాగనివ్వండి. అడిగితే డిపో వాళ్లకూ ఇవ్వవచ్చు, అది చివరి అస్త్రం కానక్కర్లేదు. రెండుసార్లు మానేసి రెండుసార్లు ఆసుపత్రిలో చేరినవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు, పనికోసం ఊళ్లు తిరిగేవాళ్లు డిపో గురించి డాక్టరును తప్పకుండా అడగాలి. వలస వెళ్తుంటే మందు పేరు, డోస్, చివరిసారి వేసిన తేదీ, ఏ వైపు వేశారో చీటీ మీద రాయించుకుని జేబులో ఉంచుకోవాలి. తేదీ దాటితే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. నెలవారీ పాలిపెరిడోన్ ఆరు వారాల లోపయితే మామూలుగా వేసేస్తారు, అంతకు మించితే మళ్లీ ఎక్కించే పద్ధతి మారుతుంది. దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.