బెంగళూరులో మైక్రోఫైనాన్స్ సర్టిఫికెట్ కోర్సుకి ఫీజు కట్టేముందు ఇది చదవండి, ఈఎంఐ అంటే ఇంకా జాగ్రత్త

ఫ్రెండ్స్, బీటీఎం లేఅవుట్, మారతహళ్లి వైపు పీజీల్లో ఉండే మన తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక యాడ్ తెగ తిరుగుతోంది. మైక్రోఫైనాన్స్ (అంటే పేద కుటుంబాలకి చిన్న చిన్న అప్పులిచ్చే రంగం) అండ్ ఉమెన్ ఎంపవర్‌మెంట్ ప్రొఫెషనల్ కోర్సు, ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, వంద శాతం ప్లేస్‌మెంట్ అంట. పైన బంగ్లాదేశ్‌లో పేదల కోసం గ్రామీణ్ బ్యాంకు పెట్టిన యూనస్ గారి ఫోటో కూడా వేశారు. ఆయనకీ గ్రామీణ్ బ్యాంకుకీ 2006లో నోబెల్ వచ్చిన మాట నిజమే, కానీ ఆయనకీ మీకూ ఏంటండీ సంబంధం అని కౌన్సెలర్ మేడమ్‌ని అడిగితే, ఇన్‌స్పిరేషన్ సార్ అని నవ్వింది. ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయట్లేదు, యాడ్ చూసినవాళ్లకి అర్థమైపోతుంది.

నాది హిందూపురం. కర్ణాటకలో బాగేపల్లి, గౌరీబిదనూరు వైపు మైక్రోఫైనాన్స్ ఫీల్డ్‌లో చేశాను, ఆ ఊళ్లల్లో సగం మంది తెలుగే మాట్లాడతారు కాబట్టి మనవాళ్లకి అక్కడ ఉద్యోగాలు తొందరగా దొరుకుతాయి. ఎండలో బండి మీద సెంటర్ మీటింగులు (అప్పు తీసుకున్న ఆడవాళ్ల గ్రూపు మీటింగులు) తిరిగి తిరిగి, ఇక ట్రైనింగ్ సైడో కస్టమర్ ప్రొటెక్షన్ సైడో మారదామని ఈ కోర్సులో చేరాను. ఫీజు 45 వేలు, పైన జీఎస్టీ 18 శాతం అన్నారు. నేను డబ్బు నేరుగా కట్టాను. అది పోయింది సరే, అసలు బాధ నా పక్కన కూర్చున్న కదిరి తమ్ముడిది.

వాడు డిగ్రీ అయిపోయి వచ్చాడు, చేతిలో అంత లేదు. "పర్లేదు, ఇన్‌స్టాల్‌మెంట్‌లో కట్టు, నో కాస్ట్" అన్నారు. ఆధార్, పాన్ తీసుకుని వాడి ఫోన్‌లోనే ఏదో యాప్ వేయించి, సెల్ఫీ తీయించి, ఓటీపీలు వరసగా చెప్పించుకున్నారు. వాడు అనుకున్నది ఇన్‌స్టిట్యూట్‌కి నెలనెలా ఫీజు కడుతున్నానని. జరిగింది ఏంటంటే ఒక ఫైనాన్స్ కంపెనీలో వాడి పేరు మీద లోన్ పుట్టింది, మొత్తం డబ్బు ఒకేసారి ఇన్‌స్టిట్యూట్ ఖాతాలో పడిపోయింది, బ్యాంక్ నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా మాండేట్ కూడా అప్పుడే సెట్ అయింది. క్లాసులు నచ్చక మానేస్తాను, డబ్బు వెనక్కి ఇవ్వండి అంటే ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫైనాన్స్ కంపెనీని అడుగు అంటారు, కంపెనీ వాళ్లేమో మేము డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం, కిస్తీ నువ్వే కట్టాలి అంటారు. కట్టకపోతే సిబిల్ పాడవుతుంది. ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగం కోసం తిరిగే కుర్రాడికి సిబిల్‌లో ఓవర్‌డ్యూ ఉంటే ఎవడు తీసుకుంటాడు చెప్పండి?

బాధ్యతగా అప్పు ఇవ్వడం ఎలాగో నేర్పుతామన్నోళ్లు చేసిన పని ఇది! ఇలాంటి లోన్‌కి సంతకం పెట్టించే ముందు వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో చూపించే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్బీఐ రూలు పెట్టింది, 2024 అక్టోబర్ 1 నుంచి కొత్త రిటైల్ లోన్లకి తప్పనిసరి. ఆలోచించుకోడానికి కనీసం మూడు వర్కింగ్ డేస్ టైమ్ కూడా ఉండాలి. వీళ్లేమో "ఈ ఆఫర్ ఈ సాయంత్రం దాకే" అని తొందరపెట్టారు. ఆ పేపర్ ఏదని నేను అడిగితే యాప్‌లో ఉంటుంది సార్ అన్నారు, యాప్‌లో వెతికితే మాకు కనపడలేదు.

ఇక క్లాసుల సంగతి. స్లైడ్లు పాతవి, మరీ పాతవి. మైక్రోఫైనాన్స్ లోన్ ఇవ్వాలంటే పల్లెలో కుటుంబ ఏడాది ఆదాయం లక్షా పాతిక వేలు, టౌన్‌లో రెండు లక్షలు దాటకూడదు అని చెప్తున్నాడు ట్రైనరు, అది 2019 నాటి లెక్క. 2022 ఏప్రిల్ నుంచి ఎక్కడైనా ఒకటే లెక్క, కుటుంబ వార్షికాదాయం 3 లక్షల దాకా ఉన్నవాళ్లకి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోన్, అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే అప్పు తీర్చేస్తే పెనాల్టీ వేయకూడదు. ఇవేవీ స్లైడ్లలో లేవు. సరే, అప్‌డేట్ చేయలేదులే అని వదిలేయొచ్చు.

వదిలేయలేనిది రికవరీ క్లాస్, అంటే అప్పు తీసుకున్న ఆడవాళ్ల దగ్గర కిస్తీ వసూలు చేయడం గురించి. "అక్కలు పనికి వెళ్లకముందే పొద్దున ఏడింటికే ఇంటి ముందు నిలబడాలి, పక్కింటోళ్లు చూస్తే దానంతటదే కడుతుంది" అని నవ్వుతూ చెప్పాడు ఆ ట్రైనరు. ఆర్బీఐ రూల్ ప్రకారం పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయడం కూడా తప్పే, ఇంటికి వెళ్లేది కూడా ముందు అనుకున్న చోటుకి అప్పు తీసుకున్నామె వరసగా రెండుసార్లు రాకపోతేనే. మన ఆంధ్రాలో 2010లో ఇలాంటి వసూళ్ల వల్లే కదా ఆర్డినెన్స్ వచ్చి మైక్రోఫైనాన్స్ కంపెనీలకి కంపెనీలే కూలబడ్డాయి. కర్ణాటకలో కూడా 2025 ఫిబ్రవరిలో బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చారు, పదేళ్ల దాకా జైలు ఉంది అందులో. ఆ మాటే ఎత్తలేదు, బెంగళూరులో కూర్చుని పాఠం చెప్తూ. ఈయన మాట విని ఫీల్డ్‌కి పోయే కొత్త కుర్రాడి మీద కేసు పడితే ఈయన వస్తాడా?

ప్లేస్‌మెంట్ అంటే ఒక వెండార్ ఆఫీసుకి పంపారు. అక్కడ ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఇంకా సెక్యూరిటీ డిపాజిట్ అడిగారు, లేచి వచ్చేశాం. ఫీల్డ్ ఆఫీసర్ ఉద్యోగానికి చాలా కంపెనీలు ఇంటర్ పాసై టూవీలర్ లైసెన్స్ ఉంటే తీసుకుంటాయి, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు, దానికి 45 వేల కోర్సు అక్కర్లేదు. మీకు ఆఫర్ ఇచ్చిన కంపెనీ పేరు ఆర్బీఐ సైట్‌లోని ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీల) లిస్టులో ఉందా, మైక్రోఫైనాన్స్ కంపెనీల సంఘాలైన ఎంఫిన్ లోనో సా-ధన్ లోనో మెంబరా అని చూసుకోండి, ఐదు నిమిషాల పని. రసీదు మీద జీఎస్టీ నంబర్ ఉంటే పోర్టల్‌లో కొట్టి చూడండి, మాది కొట్టి చూస్తే వేరే ఏదో ట్రేడర్ పేరు వచ్చింది.

కదిరి తమ్ముడి తరఫున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాం, లోన్ విషయం ముందు ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా పంపాం, నెలలోగా సరైన జవాబు రాకపోతే ఆర్బీఐ ఫిర్యాదుల సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) వేస్తాం. ఆ బ్యాచ్‌లోగానీ ముందు బ్యాచ్‌లోగానీ ఇలాగే ఈఎంఐ పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే రసీదు, యాప్ స్క్రీన్‌షాట్లు, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయకుండా ఉంచి నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి, అందరం కలిసి వేద్దాం.