రేస్ ట్రాక్‌కి మొదటి బండిగా యమహా ఆర్15 వీ3: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ట్రాక్ మీద నడపడానికి మొదటి బండి ఏది కొనాలని అడిగేవాళ్లలో సగం మంది దగ్గర జవాబు ముందే ఉంటుంది. కేటీఎం ఆర్‌సీ 390 అనో, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 అనో మనసులో పెట్టుకుని, నా చేత ఒక్కసారి "సరే" అనిపించుకుందామని వస్తారు. నేను అనను. రెండూ మంచి బండ్లే, కానీ మొదటి బండి కాదు, ట్రాక్‌కి అసలే కాదు.

నేను కొన్నేళ్లుగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న బీఎస్6 యమహా ఆర్15 వీ3 వాడుతున్నా. ఎక్కువగా చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో, అప్పుడప్పుడు కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో. మైలేజీ ఎంత, వెనక కూర్చున్నవాళ్లకి నడుం నొప్పి వస్తుందా లాంటివి ఇక్కడ రాయను, నా బండికి వెనక సీటే లేదిప్పుడు.

కాగితం మీద చూస్తే ఇది నవ్వులాటే. 155 సీసీ, 18.6 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), అది కూడా 10,000 ఆర్‌పీఎం దాకా లాగితేనే. 390కి 43 పీఎస్ పైన ఉంది, 310కి 34, 2024 మోడల్ నుంచి 38. ఇరుంగట్టుకోట్టై ల్యాప్ దాదాపు 3.7 కిలోమీటర్లు, అందులో మెయిన్ స్ట్రెయిట్ మీద 390 వాళ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే ట్యాంకు మీద పడుకుని చూస్తూ ఉండటమే, చేసేదేం లేదు. మొదట్లో కాస్త ఉడుక్కుంటాం. అయితే ఇంకో అంకె కూడా చూడండి: పెట్రోలు, ఆయిల్ అన్నీ కలిపి ఈ బండి బరువు 142 కిలోలు, ఆ రెండూ 170 దాటతాయి. ముప్పై కిలోల తేడా స్టాండ్ తీసి నెట్టేటప్పుడు పెద్దగా తెలియదు, బ్రేక్ నొక్కినప్పుడు తెలుస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. సూట్, హెల్మెట్‌తో కలిపి మనిషి 80 కిలోలు అనుకోండి. ఆర్15 మీద స్ట్రెయిట్ చివరికి 135 వేగంతో, 390 మీద 160 వేగంతో వచ్చామనుకుంటే, బ్రేకులు ఆర్పాల్సిన శక్తి రెండో దాంట్లో దాదాపు 1.6 రెట్లు. శక్తి వేగం వర్గం లెక్కన పెరుగుతుంది కదా, దానికి బరువు తోడవుతుంది. ఆ శక్తంతా డిస్కులోకి, ప్యాడ్లలోకి, ముందు టైరులోకే వెళ్లాలి, వాటితో పాటు కొత్తవాడి బుర్రలోకి కూడా, ఎందుకంటే బ్రేక్ ఎక్కడ వేయాలి, గేరు ఎప్పుడు తగ్గించాలి, చూపు ఎటు పెట్టాలి అన్నీ అతను ఆ నాలుగు సెకన్లలోనే తేల్చుకోవాలి. చిన్న బండి మీద అవే నిర్ణయాలకి కాస్త టైం దొరుకుతుంది. టెన్షన్ తగ్గితేనే మలుపు లోపలికి చూడటం అలవాటవుతుంది, లేకపోతే చూపు ముందు చక్రం దగ్గరే అతుక్కుపోతుంది.

నేను ఈ బండిని ఇంతగా వెనకేసుకొచ్చేది ఇంకో కారణంతో. దీని మీద తప్పుకి శిక్ష వెంటనే పడుతుంది, కానీ నొప్పి లేకుండా పడుతుంది. మలుపులో అనవసరంగా బ్రేక్ తాకినా, లైను తప్పి బయటికి వెళ్లినా, గేరు ఒకటి ఎక్కువలో ఉన్నా, ఆ పోయిన వేగం తర్వాతి మలుపు వచ్చేదాకా తిరిగి రాదు. 18 పీఎస్‌తో ఎక్కడినుంచి తెస్తాం? పెద్ద బండి మీద అయితే థ్రాటిల్ తిప్పగానే పోయిన వేగం వచ్చేస్తుంది, ల్యాప్ టైం బాగానే కనిపిస్తుంది, తప్పు అలాగే ఉండిపోతుంది. 390 మీద మొదలుపెట్టిన కుర్రాళ్లు చాలామందిని చూశాను. స్ట్రెయిట్ మీద మెరుపులే, కానీ కరి లాంటి 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్‌కి వస్తే ఆర్15 వాడు లోపలినుంచి దూరిపోతాడు, వీళ్లకి ఎందుకో అర్థం కాదు.

వీవీఏ గురించి, అంటే ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు గురించి ఒక మాట. 7,400 ఆర్‌పీఎం దగ్గర క్యామ్ మారుతుంది, ఆ పైనే ఈ ఇంజిన్‌కి ప్రాణం. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ముల్లు, అదే ఆ డిజిటల్ గీత, అంతకంటే కింద ఉంటే బండి నిద్రపోతున్నట్టే. అందుకని ప్రతి మలుపుకీ సరైన గేరు ఏదో నెమ్మదిగా చేతికి, కాలికి తెలిసిపోతుంది. స్లిప్పర్ క్లచ్ ఉండటం కొత్తవాళ్లకి పెద్ద వరం, రెండు గేర్లు గబగబా దించినా వెనక చక్రం గెంతదు. 2021లో వచ్చిన వీ4లో క్లచ్ నొక్కకుండా గేరు మార్చే క్విక్‌షిఫ్టర్, వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, తలకిందుల ఫోర్కులు ఉన్నాయి కదా అంటారు. ఫోర్కులు నిజంగా మెరుగే. మిగతా రెండిటి కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకు నచ్చదు, నేర్చుకునేటప్పుడు క్లచ్, థ్రాటిల్ కలిపి వాడటం చేతికి రావాలి, ఇక పొడి తారు మీద 18 పీఎస్‌కి ట్రాక్షన్ కంట్రోల్ చేసే పని ఎంతని?

లోపాలు లేవని కాదు. రోడ్డు కోసం కట్టిన బండి ఇది, సస్పెన్షన్ గుంతలు చూసి పెట్టారు. ముందు ఫోర్కులకి తిప్పుకోవడానికి అడ్జస్ట్‌మెంట్లు లేవు. నేను 70 కిలోల పైన ఉంటాను, గట్టిగా బ్రేక్ వేస్తే ముక్కు బాగా కుంగేది. కాస్త చిక్కటి ఫోర్క్ ఆయిల్ పోయించాక చాలావరకు తగ్గింది. 90 కిలోల మనిషి అయితే స్ప్రింగులే మార్చుకోవాలి. ఆరడుగుల పైనున్నవాళ్లకి కాళ్లు ఇరుకు, ట్యాంకు మీద వాలాక మోచేతులు మోకాళ్లకి తగులుతాయి, వాళ్లు కొనేముందు ఒకసారి సూట్ వేసుకుని కూర్చుని చూడాలి. అంత ఎత్తున్నవాళ్లకి ఆర్ఆర్ 310 నయమేమో, అక్కడ నేను వాదించను.

డబ్బు ఎక్కడ పెట్టాలనే దగ్గర మనవాళ్లు తలకిందులుగా చేస్తారు. ముందు సైలెన్సర్, తర్వాత స్టిక్కర్లు, ఆఖర్న టైర్లు. సైలెన్సర్ వల్ల ఈ ఇంజిన్‌కి వచ్చేది చప్పుడే. ముందు 100/80, వెనక 140/70 సైజులోనే మెత్తటి రబ్బరు (కాంపౌండ్) టైర్లు వేయించండి, మంచి బ్రేక్ ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్, వీలైతే అల్లిక తీగ కవచం ఉన్న బ్రేక్ హోస్. తర్వాత రేర్‌సెట్లు, అంటే ఫుట్‌రెస్టులని పైకి, వెనక్కి జరిపే సెట్టు, ఎందుకంటే బండిని బాగా పడుకోబెట్టడం వచ్చాక ఫుట్‌రెస్టులు నేలకి రాసుకుంటాయి. టైర్లలో గాలి వేడెక్కాక కొలవండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెట్టిన గాలి రెండు సెషన్ల తర్వాత కొన్ని పీఎస్ఐ పెరుగుతుంది, చెన్నై మే నెల మధ్యాహ్నం అయితే చెప్పనే అక్కర్లేదు. కూలెంట్ తీసేసి డిస్టిల్డ్ వాటర్ పోయించడం మంచిది, చాలాచోట్ల అడుగుతారు కూడా, కిందపడి కూలెంట్ కారితే ఆ జారుడు వెనకొచ్చేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. అద్దాలు, నంబర్ ప్లేటు తీయాలి, లైట్లకి టేపు వేయాలి. సైడ్ స్టాండ్ తీసేవాళ్లు ఒకటి గమనించండి, బీఎస్6 బండికి స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ ఆపే స్విచ్ ఉంది, దాని సంగతి మెకానిక్‌తో ముందే చూపించుకోండి.

లెదర్ సూట్‌కి బండి ధరలో మంచి భాగమే పోతుంది. పోనివ్వండి. మొదట్లో అద్దెకి తీసుకోవచ్చు, కానీ కుట్లు, జిప్పులు పట్టి చూసి తీసుకోండి, ఒక చోట నాకు మోచేతి దగ్గర అతుకేసిన సూట్ ఇచ్చి, తిరిగిచ్చేటప్పుడు ఆ అతుకు నావల్లే పడిందని డిపాజిట్ పట్టుకున్నారు.

తేలిక బండితో ఇంకో లాభం రవాణా. నెల్లూరు నుంచి నేను, నా స్నేహితుడు టాటా ఏస్ మాట్లాడుకుని రెండు బండ్లూ ఒకే ట్రాలీలో కట్టేస్తాం, కిరాయి సగం సగం. పలక వేసి ఇద్దరం నెడితే ఎక్కేస్తుంది. నడుపుకుంటూ పోవచ్చు కదా అంటారు. పోవచ్చు, కానీ సాయంత్రానికి ఒళ్లు హూనమైపోయాక, లీవరో ఫుట్‌రెస్టో విరిగితే, హైవే మీద తిరిగి ఎలా వస్తారు? పైగా మన మామూలు బండి ఇన్సూరెన్స్ పాలసీలు రేసింగ్‌కి, వేగపు పరీక్షలకి వర్తించవని రాసే ఉంటుంది. ట్రాక్ మీద విరిగింది మన జేబులోంచే. బండి ఎంత ఖరీదైతే ఆ భయం అంత పెరుగుతుంది, భయంతో నడిపేవాడికి ఏమీ రాదు. ఆర్15 పడితే లీవరు, హ్యాండిల్, ప్లాస్టిక్ ముక్కలు, అన్నీ నెల్లూరులోనే దొరుకుతాయి. జాతీయ చాంపియన్‌షిప్‌లో 165 సీసీ లోపు బండ్లకి ప్రో-స్టాక్ అనే క్లాసు ఉండటం వల్ల ఈ బండి గుట్టు తెలిసిన మెకానిక్‌లు చెన్నై, కోయంబత్తూరు వైపు బాగానే ఉన్నారు.

ఇంజిన్ మాత్రం పాపం ఎంత వాయించినా పడుతోంది. రోడ్డు లెక్కలో కిలోమీటర్లు చూడకుండా రెండు మూడు ట్రాక్ డేలకోసారి ఆయిల్ మార్చేస్తా. చైను, క్లచ్ ప్లేట్లు ఒకసారి మారాయి, అంతే.

ఇక సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి. ప్లాస్టిక్ గీతలు పట్టించుకోవద్దు, ఎలాగూ మనం ఇంకొన్ని గీస్తాం. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి ఫ్రేము మీద స్టాపర్ దగ్గర చూడండి, అక్కడ నొక్కుకుపోయి ఉంటే బండి ముందువైపు గట్టిగా తగిలినట్టే, వదిలేయండి. ముందు చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము ఊగకూడదు. ఫోర్క్ గొట్టాల మీద ఆయిల్ చెమ్మ ఉంటే సీళ్ల ఖర్చు బేరంలో తగ్గించండి. రేడియేటర్ రెక్కలు, ఇంజిన్ పక్క మూత మీద వెల్డింగ్ ఆనవాళ్లు చూడండి. ఒరిజినల్ ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) ఇవ్వనివాడి దగ్గర ఎంత చవకైనా కొనొద్దు, ట్రాక్‌కే కదా అనుకోకండి, ఏస్‌లో వేసుకుని తమిళనాడులోకి వెళ్లేటప్పుడు ఎవరైనా ఆపితే చూపించాల్సింది ఆ కాగితమే.