మెదడులో మెమరీ పరికరం పెట్టించుకోవచ్చా? కాక్లియర్ ఇంప్లాంట్ వాడుతున్న ఇంటి నుంచి రివ్యూ

జ్ఞాపకశక్తి పెంచే ఇంప్లాంట్ ఇంకా అమ్మకానికి రాలేదు. అయితే తల లోపల ఒక పరికరంతో బతకడం ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా మనవరాలికి పుట్టుకతోనే వినపడదు. రెండేళ్లు నిండకముందే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం, పెట్టించాం. ఇప్పుడు కావలిలో అందరు పిల్లలతో పాటు మామూలు బడికి పోతోంది. ఈమధ్య బెంగళూరు నుంచి మా చిన్నవాడు ఫోన్ చేసి, "నాన్నా, పేర్లు మర్చిపోతున్నావు కదా, రేపు మెమరీ చిప్ వస్తే పెట్టించుకుంటావా?" అని అడిగాడు. జబ్బు చేస్తే ఆలోచిస్తాను, ఆరోగ్యంగా ఉన్నంతవరకు వద్దన్నాను.

ముందు మా ఇంట్లో ఉన్న పరికరం సంగతి చెబుతాను. వినికిడి విషయంలో దానికి వంక పెట్టలేను. పాప వెనక నుంచి పిలిచినా తిరిగి చూస్తుంది, ఫోన్లో వాళ్ల బాబాయితో మాట్లాడుతుంది. కానీ ఆపరేషన్ అయిన వెంటనే మాటలు వచ్చేస్తాయని ఎవరూ అనుకోవద్దు. కొన్ని వారాల తర్వాత స్విచ్ ఆన్ చేసినప్పుడు పాప బెదిరిపోయి ఏడ్చింది. తర్వాత మ్యాపింగ్ (పాపకు తగ్గట్టు పరికరంలో శబ్దాన్ని సరిచేయడం) కోసం పినాకిని రైల్లో చెన్నైకి తిరగడం, స్పీచ్ థెరపీ. మా కోడలు వంటింట్లో గిన్నె మోగించి "గిన్నె" అని, కుక్కర్ కూత వేస్తే "కుక్కర్" అని, పాప తిరిగి అనేదాకా విసుక్కోకుండా చెప్పేది. ఆ మాటల్లో సగం గొప్ప మా కోడలిదే.

రోజూ చేయాల్సినవీ ఉన్నాయి. మాది సముద్రపు గాలి, చెమట. చెవి దగ్గర బయట తగిలించుకునే ప్రాసెసర్‌ను రాత్రి పూట తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి. బ్యాటరీలు ఎప్పుడూ దగ్గర ఉండాలి. లోపల అయస్కాంతం ఉంది కాబట్టి ఎంఆర్‌ఐ అనే మాట వినపడగానే డాక్టరుకు ముందే చెప్పాలి. అన్నిటికన్నా నొప్పి పెట్టింది సర్వీసు. ఒకసారి కేబుల్ పాడైతే కంపెనీవాళ్లు ఇదిగో అదిగో అంటూ వారాలు గడిపారు. అన్నాళ్లూ పిల్ల బడిలో ఏమీ వినపడకుండా కూర్చుంది. బయటి ప్రాసెసర్ పాతబడితే కొత్తదానికి లక్షలు కావాలి. ఆపరేషన్‌కు ముందు ఈ ఖర్చు గురించి మాకెవరూ గట్టిగా చెప్పలేదు.

ఇక మెమరీ సంగతి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఫలితాలు ప్రచురించారు. మూర్ఛవ్యాధి పరీక్షల కోసం అప్పటికే మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టించుకున్న 25 మందికి పదాల జాబితాలు చూపించారు. పదం సరిగా నమోదు కావడం లేదని కంప్యూటర్ గుర్తించిన క్షణంలో చిన్న కరెంటు ఇస్తే, గుర్తుండే పదాలు 15 శాతం పెరిగాయి. అదే ఏడాది అమెరికాలోనే వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో ఇలాంటి ప్రయత్నమే చేసి సుమారు 35 శాతం మెరుగుదల చూశారు. ఇవి నిజంగా గొప్ప ఫలితాలు. కానీ ఇవన్నీ ఆసుపత్రి మంచం మీద, మూర్ఛ ఉన్నవాళ్ల మీద, పదాలతో బొమ్మలతో చేసిన పరీక్షలు. అల్జీమర్స్ రోగుల్లో మెదడులో ఫోర్నిక్స్ అనే చోట కరెంటు ఇచ్చి చూసిన 42 మంది ట్రయల్లో ఏడాది తర్వాత మొత్తం మీద తేడా కనిపించలేదు. మా చిన్నవాడు ఫోన్లో చెప్పిన న్యూరాలింక్ అనే ఎలాన్ మస్క్ కంపెనీ 2024 జనవరిలో మొదటి మనిషికి పెట్టింది ఆలోచనతో కంప్యూటర్ నడపడానికి, జ్ఞాపకం కోసం కాదు. అందులో కూడా మెదడులోకి దింపిన సన్నటి దారాలు కొన్ని వెనక్కి జారాయి.

నాకు ఎక్కువ భయం కలిగించింది ఆర్గస్ 2 కథ. చూపు పోయినవాళ్లకు కంట్లో పెట్టే ఇంప్లాంట్ అది. ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. కంపెనీ 2019లో దాన్ని ఆపేసింది, మరుసటి ఏడాది దివాలా అంచుకు వెళ్లింది. పరికరం మాత్రం వాళ్ల కళ్లలోనే ఉండిపోయింది. చెడిపోతే బాగుచేసే దిక్కు లేకుండా పోయింది. కేబుల్ కోసం ఎదురుచూసిన మాకు ఆ కష్టం ఎంతటిదో అర్థమవుతుంది.

ఇంకో మాట, ఇది తల్లిదండ్రులకు. నెల్లూరు రెసిడెన్షియల్ కాలేజీల్లో ర్యాంకుల కోసం పిల్లల మీద ఎంత ఒత్తిడి ఉందో చూస్తూనే ఉన్నాం. మెమరీ చిప్ వస్తే అప్పు చేసైనా నీట్ రాసే పిల్లాడికి పెట్టించేవాళ్లు తయారవుతారు. మా పాపకు ఇంప్లాంట్ పెట్టించేటప్పుడు మేమూ ఆమెను అడగలేదు. మాటలు నేర్చే వయసు దాటిపోతే తిరిగి రాదు కాబట్టి ఆగలేకపోయాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడి పుర్రెకు రంధ్రం పెట్టించడానికి అలాంటి తొందర ఏముంది? ఇన్ఫెక్షన్, రక్తస్రావం భయం ఎలాగూ ఉంటుంది. వాడు పెద్దవాడై వాడే నిర్ణయించుకోవాలి.

నా వరకు, మనవరాలి పేరే మర్చిపోయే జబ్బు వస్తే, నాలాంటి ముసలివాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసిందని తేలితే, నెల్లూరులోనో చెన్నైలోనో సర్వీసు ఉంటే, కంపెనీ మూతపడినా ఎవరు చూసుకుంటారో కాగితం మీద రాసిస్తే, పెట్టించుకుంటాను. పక్కింటాయన పేరు గుర్తుకు రావడానికైతే అక్కర్లేదు, ఆయన్నే అడుగుతాను.

పసిబిడ్డ శబ్దానికి తిరగడం లేదని అనుమానం ఉన్నవాళ్లు మాత్రం ఇదంతా చదివి వెనకాడొద్దు. ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో పసిపిల్లల వినికిడి తెలుసుకునే బెరా పరీక్ష గురించి అడగండి, చిన్నపిల్లలకు ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్యసేవ) కాక్లియర్ వస్తుందేమో కనుక్కోండి. సంతకం పెట్టేముందు వారంటీ ఎన్నేళ్లు, రిపేరుకు పోయినన్ని రోజులు వేరే ప్రాసెసర్ ఇస్తారా అన్న రెండూ రాయించుకోండి.