కాంక్రీటు అని నమ్మించి ప్లాస్టర్ అమ్ముతున్నారు: గూటి పెట్టెలు చేసుకునేవాళ్లు జాగ్రత్త

పిచ్చుకల గూటి పెట్టెకు ముందువైపు కాంక్రీటు పలకను ఇంట్లోనే పోసుకోవచ్చని చెప్పి ఆన్‌లైన్‌లో ఒక కిట్ అమ్ముతున్నారు. ప్లాస్టిక్ అచ్చు, ఒక సంచిలో పొడి, పిట్ట దూరే కన్నం రావడానికి అచ్చులో పెట్టే గుండ్రటి బిళ్ల, ఒక చిన్న పుల్ల, నాలుగు స్క్రూలు, ఒక కాగితం. సంచి మీద గూటి పెట్టెల కోసం ప్రత్యేకంగా చేసిన కాంక్రీటు మిశ్రమం అని రాసి ఉంటుంది. నేను కొన్నాను. నా వల్ల ఒక జంట పిచ్చుకల గుడ్లు పోయాయి. మీరు కొనే ముందు ఇది చదవండి. ఇప్పటికే కొనేసి ఉంటే కనీసం ఆ పొడిలో నీళ్లు పోసే ముందైనా చదవండి.

కాంక్రీటు దాకా ఎందుకు వెళ్లానో ముందు చెప్తాను. మా పాత పెట్టె మొత్తం చెక్కే. కన్నం 32 మిల్లీమీటర్లు. ఊరపిచ్చుక దూరడానికి ఆ కొలత చాలు, అంతకంటే పెద్ద పిట్టకు అందులో భుజాలు పట్టవు. గూటికి తలుపైనా తాళమైనా ఆ కొలతే. రెండేళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒక ఉడుత కన్నం అంచు కొరకడం మొదలుపెట్టింది. వారం పది రోజుల్లో గుండ్రటి కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చేసింది. కొందరు కన్నం చుట్టూ రేకు బిళ్ల బిగిస్తారు, అదీ మంచి పద్ధతే. కానీ ముందు పలక మొత్తం కాంక్రీటుదైతే ఉడుత పళ్లకీ లొంగదు, వడ్రంగిపిట్ట ముక్కుకీ లొంగదు, వానకు చీకిపోదు. రంపపు పొట్టు, సిమెంటు కలిపి పోసిన గూటి పెట్టెలు యూరప్‌లో దశాబ్దాలుగా వాడుతున్నారు, అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఆలోచన సరైనదే, నేను మోసపోయింది సరుకు దగ్గర.

సంచి విప్పగానే నాకు అనుమానం రావాల్సింది. పొడి తెల్లగా, టాల్కం పౌడర్‌లా మెత్తగా ఉంది. వేళ్ల మధ్య నలిపితే ఒక్క ఇసుక రేణువు తగల్లేదు. కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర. పలుచటి పలక కాబట్టి కంకర లేదేమో, తెల్ల సిమెంటు వాడారేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాగితంలో రాసిన కొలత ప్రకారమే నీళ్లు కలిపి అచ్చులో పోశాను. అరగంటకల్లా రాయిలా బిగిసింది. చెయ్యి పెడితే వెచ్చగా కూడా ఉంది. 24 గంటల తర్వాత తగిలించేయవచ్చని కాగితంలో ఉంది. ఎంత బాగా వచ్చిందో అని మా అత్తయ్యకు కూడా చూపించాను.

మామూలు సిమెంటు అలా చేయదు. అది బిగుసుకోవడానికే గంటలు పడుతుంది. కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా నీళ్లు పెట్టాలి, పూర్తి బలం కోసం 28 రోజుల లెక్క చూస్తారు. మూడు సెంటీమీటర్ల పలక గట్టిపడుతున్నప్పుడు దాని వేడి చేతికి పెద్దగా తెలియదు. పది నిమిషాల నుంచి అరగంటలోపు వేడెక్కి బిగిసేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. అంటే జిప్సం అనే మెత్తటి ఖనిజాన్ని కాల్చి చేసే పొడి, నీళ్లు కలిసి బిగిస్తే మళ్లీ జిప్సమే. ఇది నాకు తర్వాత తెలిసింది.

పెట్టె తగిలించిన నాలుగో రోజే పిచ్చుకలు వచ్చాయి. మగది కన్నం ముందు కూర్చుని రోజంతా అరిచేది, ఆడది గడ్డిపోచలు, కోడి ఈకలు మోసేది. కొన్నాళ్లకు ఆడది లోపలే ఎక్కువసేపు ఉండటం మొదలైంది. గుడ్లు పెట్టిందని అర్థమైంది. ఊరపిచ్చుక పొదగడానికి 11 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని పెట్టె జోలికి పోలేదు.

అప్పుడు వాన పట్టింది. రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడో రోజు పొద్దున ఆడపిచ్చుక కన్నంలోంచి బయటికొచ్చి తీగ మీద కూర్చుంది. దాని ఛాతీ ఈకల మీద తెల్లటి ముద్ద అంటుకుని ఉంది. అది ముక్కుతో గీక్కుంటోంది, రావడం లేదు. రెట్టేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే కన్నం కింది అంచు తడిసిన సుద్దముక్కలా ఉంది. ఆడపిచ్చుక లోపలికీ బయటికీ వెళ్లిన ప్రతిసారీ ఆ అంచు మీద ఛాతీ ఆనించే దూరుతుంది కదా. కాంక్రీటని నేను కట్టిన రాయి దాని ఒంటికి అంటుకుంటోంది.

ఆ రోజే పలక తీసేయాల్సింది. లోపల గుడ్లున్నాయి, కదిలిస్తే వదిలేసి పోతుందేమోనని భయపడ్డాను. ఎండ వస్తే ఆరి గట్టిపడుతుందిలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం పిచ్చుకలు రెండూ ఒకటే గోల. నేను బయటికి వచ్చేసరికి ఉడుత పెట్టెలోంచి దిగి పోతోంది. కన్నం కింది భాగం నా బొటనవేలంత లోతున పోయింది. అంచు మీద పక్కపక్కనే రెండేసి సన్నటి గాట్లు, ఉలితో చెక్కినంత స్పష్టంగా ఉన్నాయి, ఉడుత ముందు పళ్ల గుర్తులు. పెట్టె తెరిచాను. గడ్డి అంతా చెదిరిపోయి ఉంది. బూడిద చుక్కలున్న పెంకు ముక్కలు రెండు మిగిలాయి.

పలక ఊడదీసి కింద పెట్టి గోటితో నొక్కితే గోరు దిగింది. కాంక్రీటులోకి గోరు దిగుతుందా?

అమ్మినవాళ్లకు ఫోటోలతో సహా రాశాను. ముందు జవాబు లేదు. రెండోసారి రాస్తే, "మీరు నీళ్లు ఎక్కువ కలిపి ఉంటారు మేడమ్, కొలత ప్రకారం పోయాలి" అన్నారు. మూడోసారి పొడిలో సిమెంటు ఎంత శాతం ఉందో చెప్పండి అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. అది కంపెనీ రహస్యం అన్నారు. సిమెంటులో నీళ్లు ఎక్కువైతే బలం తగ్గే మాట నిజమే, పలక బీటలు వారవచ్చు, పైపొర పొడి రాలవచ్చు. కానీ గట్టిపడిన సిమెంటు వానకు మళ్లీ ముద్ద కాదు. జిప్సం తడిస్తే మెత్తబడుతుంది, కొద్దికొద్దిగా నీళ్లలో కరుగుతుంది కూడా. ఈ తేడా కాంక్రీటు పేరుతో వ్యాపారం చేసేవాళ్లకు తెలియదంటే నేను నమ్మను. ప్లాస్టర్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. లోపలి గోడలకు, బొమ్మలకు అది మంచి సరుకే. వానలో వేలాడే గూటికి దాన్ని కాంక్రీటని చెప్పి అంటగట్టడమే మోసం.

గుడ్లు పోయాక ఆ కిట్‌లో మిగతావి కూడా ఒక్కొక్కటీ పట్టి చూశాను. కన్నం బిళ్ల 32 మిల్లీమీటర్లని రాశారు, కొలిస్తే 38 ఉంది. అంటే పలక గట్టిదే అయినా కొలత మొదటి రోజు నుంచే తప్పు. ఆ చిన్న పుల్ల కన్నం కింద గుచ్చడానికట, పిట్ట వాలడానికి. పిచ్చుకకు అది అక్కర్లేదు, పట్టు దొరికితే పిల్లికి, ఉడుతకు, కాకికే లాభం. అదృష్టం కొద్దీ నేను గుచ్చలేదు.

అన్నింటికంటే నన్ను భయపెట్టింది పలక లోపలి వైపు. అచ్చు నున్నటి ప్లాస్టిక్ కాబట్టి పలక కూడా అద్దంలా వచ్చింది. కన్నం అడుగు నుంచి పెట్టె నేలకు కనీసం 12 సెంటీమీటర్ల లోతు ఉండాలి, లేకపోతే పిల్లి పంజాకు పిల్లలు అందుతాయి. మరి ఆ లోతులోంచి పిల్లలు ఎగిరే రోజున పైకి పాకాలంటే గోళ్లకు పట్టు కావాలి. చెక్కైతే ఎంతోకొంత గరుకు ఉంటుంది. నున్నటి పలక మీద అవి జారి జారి కింద పడతాయి. నిజమైన సిమెంటుతో పోసుకున్నా సరే, ఈ అచ్చు వాడితే ఈ ప్రమాదం అలాగే ఉంటుంది. అందుకే అచ్చు ఒక్కటైనా పనికొస్తుందని దాచుకోకండి.

ఇప్పటికే ఇలాంటి సంచి ఇంట్లో ఉన్నవాళ్లు ఒక పని చేయండి. పలక పోయకండి. సీసా మూతలో పట్టేంత పొడిని నీళ్లతో కలిపి పోయండి. అరగంటలో వేడెక్కి బిగిస్తే అనుమానించండి. త్వరగా బిగిసే సిమెంట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క కారణంతో తీర్పు చెప్పకండి. రంగు చూసి అసలే చెప్పకండి, తెల్ల సిమెంటు ఉంటుంది. రెండు రోజులు ఆరనిచ్చి ఆ బిళ్లను ఇంకో రెండు రోజులు నీళ్లలో ముంచి ఉంచండి. తీసి గోటితో, తర్వాత మేకుతో గీయండి. గోరు దిగినా, చేతికి తెల్లటి గుజ్జు అంటినా అది గూటికి పనికిరాదు. కన్నం బిళ్లను స్కేలుతో ఒకచోటే కొలవకండి, అడ్డంగా నిలువుగా రెండుసార్లు కొలవండి. కొనే ముందైతే పొడిలో ఏముందో రాసి ఇమ్మని అడగండి. సమాధానం దాటేస్తే కొనకండి.

నా మాట వింటే కిట్టే వద్దు. ఇందులో ఉన్న పనికి మామూలు సిమెంటు, జల్లెడ పట్టిన ఇసుక చాలు. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ల ఇసుక. గుప్పిట్లో నొక్కితే ఉండ కట్టేంత తడి చాలు, జారుగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టే. చెక్క పట్టీలతో చట్రం కట్టి, అడుగున ప్లాస్టిక్ కాగితం పరిచి, మధ్యలో పీవీసీ పైపు ముక్క నిలబెడితే అదే అచ్చు. మెట్రిక్ కొలతల పైపు మీద 32 అని ఉంటే అది బయటి వ్యాసం, అంటే మనకు కావలసిన కన్నమే. అయినా కొలిచే వాడండి. పైపుకు, చట్రానికి వంటనూనె రాయండి. బండి ఇంజన్ ఆయిల్ రాయకండి, అది కాంక్రీటులోకి ఇంకుతుంది, పిట్ట ఒంటికి అంటుతుంది. మధ్యలో గాల్వనైజ్డ్ మెష్ ముక్క వేస్తే బీట ఇచ్చినా ఊడి పడదు, కానీ తీగ కొనలు కన్నంలోకి పొడుచుకు రాకూడదు. గూటి లోపలికి వచ్చే వైపు పైకి ఉండేలా పోసి, కాస్త బిగుస్తుండగా మేకుతో అడ్డంగా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టండి. ఆ గీతలే పిల్లలకు నిచ్చెన. మిశ్రమంలో రంపపు పొట్టు కొంత కలిపితే పలక తేలికవుతుంది, ఎండకు తక్కువ కాగుతుంది. కానీ పొట్టును ముందు వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వాడాలి. చెక్కలో ఉండే చక్కెరలు సిమెంటును బిగవనివ్వవు.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. బరువు కూడా చూసుకోండి. 20 సెంటీమీటర్ల ఎత్తు, 15 వెడల్పు, 3 మందం ఉన్న పలక దాదాపు రెండు కిలోలు తూగుతుంది. కిట్‌లో ఇచ్చిన సన్న స్క్రూలు దాన్ని మోయలేవు. నీళ్లు పెట్టడం పూర్తయ్యాక వెంటనే తగిలించకండి. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, కొన్ని రోజులు బకెట్‌లో ముంచి రోజూ నీళ్లు మారుస్తూ ఉండాలి. మధ్యాహ్నపు ఎండ నేరుగా తగిలే చోట అసలు పెట్టొద్దు. ఉత్త ఇసుక సిమెంటు పలక చెక్క కంటే చాలా త్వరగా వేడిని లోపలికి పంపుతుంది.

నేను పోసిన కొత్త పలక ఇప్పుడు టబ్బులో ఉంది, ఇవాళ నాలుగోసారి నీళ్లు మార్చాను. మేకుతో గీస్తే గీత పడటం లేదు. పాత పెట్టె ఉన్న చోట ఖాళీ మేకు ఒక్కటే మిగిలింది. ఆ జంట ఇంకా పొద్దున్నే తీగ మీదకి వచ్చి కూర్చుంటున్నాయి, కాసేపు ఆ మేకు చుట్టూ ఎగిరి వెళ్లిపోతున్నాయి. ఆడదాని ఛాతీ మీద తెల్లటి మరక ఇంకా పూర్తిగా పోలేదు.